కొండచరియలు: ప్రాణం దక్కేది ముందు రోజు సాయంత్రమే

కొండచరియలు విరిగిపడితే ఏం చేయాలో చెప్పే కరపత్రాలు దాదాపు అన్నీ ఒకే పద్ధతిలో ఉంటాయి. ముందు, ఆ సమయంలో, తర్వాత అని మూడు భాగాలు, ఒక్కోదానికి అయిదారు సూచనలు. చదవడానికి బాగానే ఉంటుంది. కానీ వాటిని చూసినవాళ్లకు మూడు దశల్లోనూ మన చేతిలో ఒకే మోతాదులో అవకాశం ఉంటుందన్న భ్రమ కలుగుతుంది. వాస్తవంలో ఆ నడిమి దశ చాలాసార్లు నిమిషం కూడా ఉండదు. కరెంటు పోయిన అర్ధరాత్రి, హోరున వాన, మంచాల మీద పిల్లలు. ఆ నిమిషంలో ఎవరికీ ఏ సూచనా గుర్తుకు రాదు. మన దేశంలో ఈ పదేళ్లలో జరిగిన పెద్ద ప్రమాదాలను చూస్తే, ఎవరు బతికారు, ఎవరు పోయారన్నది చాలావరకు అంతకు కొన్ని గంటల ముందే తేలిపోయిందని అర్థమవుతుంది.

అందుకు కేరళలోని వయనాడ్‌ జిల్లాను మించిన ఉదాహరణ లేదు. 2024 జులై 30న అర్ధరాత్రి దాటాక ముండక్కై పైనున్న కొండ విరిగింది. తెల్లవారుజామున మళ్లీ విరిగింది. సముద్ర మట్టానికి దాదాపు 1550 మీటర్ల ఎత్తులో జారిన మట్టి, బండరాళ్లు, చెట్లు వాగు దారి పట్టి సుమారు ఎనిమిది కిలోమీటర్లు దిగువకు వచ్చాయి. పుంజిరిమట్టం, ముండక్కై, చూరల్‌మల ఊళ్లు ఆ దారిలోనే ఉన్నాయి. చనిపోయినవాళ్లు, ఆచూకీ లేనివాళ్లు కలిపి సుమారు 300 మంది. కొన్ని మృతదేహాలు చాలియార్ నదిలో కొట్టుకుపోయి పక్కనున్న మలప్పురం జిల్లాలో దొరికాయి.

ఇది ఎవరూ ఊహించని ప్రమాదం అనడానికి లేదు. 1984లోనే ముండక్కైలో కొండ విరిగి 14 మంది చనిపోయారు. అక్కడికి దగ్గర్లోనే ఉన్న పుతుమలలో 2019 ఆగస్టు 8న మరో 17 మంది పోయారు. దగ్గర్లోని కల్లాడి వర్షమాపక కేంద్రంలో ప్రమాదానికి ముందు 48 గంటల్లో 572 మిల్లీమీటర్ల వాన నమోదైంది. అందులో రెండో రోజు పడిందే 372. జిల్లాలో స్థానికుల సాయంతో వాన లెక్కలు తీసే హ్యూమ్ సెంటర్ అనే సంస్థ, ఆ లెక్కలను బట్టి కొండ విరగొచ్చని దాదాపు 16 గంటల ముందే జిల్లా యంత్రాంగానికి చెప్పినట్టు అప్పట్లో వార్తలొచ్చాయి. కొన్ని కుటుంబాలు ఆ సాయంత్రమే కదిలాయి. కదలనివాళ్లలో చాలామందికి, కొన్నాళ్లుగా ఇలాంటి వానలు చూస్తూనే ఉన్నాం కదా అన్న ధీమా ఉండొచ్చు. ఆ ధీమా ఒక్క కేరళ వాళ్లదే కాదు.

అలర్ట్ రంగు ఏమిటన్నది కూడా ఇక్కడ గమనించాలి. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 115.6 నుంచి 204.4 మిల్లీమీటర్ల వరకు పడితే అతి భారీ వర్షం, దానికి ఆరెంజ్ అలర్ట్. ఆపైన పడితే అత్యంత భారీ వర్షం, దానికి రెడ్ అలర్ట్. వయనాడ్‌కు ముందు రోజు ఉన్నది ఆరెంజ్ అలర్ట్. రెడ్ అలర్ట్ వచ్చింది కొండ విరిగాక, ఉదయం ఆరింటికని కేరళ ముఖ్యమంత్రి చెప్పారు. ముందే హెచ్చరించామని కేంద్రం అంది. ఆ రాజకీయ వాదన ఎటు తేలినా, మామూలు మనిషి తెలుసుకోవాల్సింది ఒకటుంది. అలర్ట్ జిల్లా మొత్తానికి ఇస్తారు. కొండ మీద మాత్రం ఒక లోయలో పడ్డంత వాన పక్క లోయలో పడకపోవచ్చు. మన ఇంటి వెనక వాలు మీద ఎంత పడిందన్నది రంగును చూస్తే తెలియదు.

దీనికి పెద్ద పరికరం కూడా అక్కర్లేదు. కింది నుంచి పై వరకు ఒకే వెడల్పుండే డబ్బాను చెట్లకు, చూరుకు దూరంగా ఆరుబయట పెట్టి, రోజూ ఉదయం ఒకే వేళకు స్కేలుతో లోపలి నీటి మట్టం కొలిస్తే చాలు. పది సెంటీమీటర్లు నిలిస్తే వంద మిల్లీమీటర్ల వాన. ఏ అంకె దాటితే కొండ విరుగుతుందో అన్ని చోట్లా వర్తించే లెక్క లేదు. అది మట్టిని బట్టి, వాలును బట్టి మారుతుంది. అయినా వరసగా రెండు మూడు రోజులు డబ్బాలో అంత నీళ్లు నిలుస్తున్నాయంటే మూటాముల్లే సర్దుకునే వేళ అయిందనే లెక్క.

వరస రోజులు ఎందుకు ముఖ్యమంటే, కొండ విరగడానికి ఆ రోజు వాన ఒక్కటే కారణం కాదు. వాలు మీది మట్టి నిలబడేది రేణువుల మధ్య పట్టు వల్ల. వారాల తరబడి ముసురు పడితే ఆ ఖాళీలన్నీ నీటితో నిండుతాయి. మట్టి బరువు పెరుగుతుంది. లోపల చేరిన నీరు రేణువులను ఎడంగా నెడుతుంది, పట్టు సడలుతుంది. కింద గట్టి రాయి ఉంటే నీరు అందులోకి ఇంకలేక రాతికీ మట్టికీ మధ్య పారుతుంది. ఆ స్థితికి చేరిన కొండకు చివరి జల్లు ఒక సాకు మాత్రమే. వాన తెరిపిచ్చిన కొన్ని గంటలకు, ఒక్కోసారి మర్నాడు కూడా కొండ విరగడానికి కారణం ఇదే. వాన తగ్గింది కదా అని పునరావాస కేంద్రం నుంచి ఆ రాత్రే ఇంటికి తిరిగొచ్చేయడం అందుకే ప్రమాదం.

మన కొండల సంగతి

హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ సెంటర్ 2023లో దేశంలోని కొండచరియల అట్లాస్ విడుదల చేసింది. 1998 నుంచి 2022 వరకు 17 రాష్ట్రాలు, రెండు కేంద్రపాలిత ప్రాంతాల్లో విరిగిన సుమారు 80 వేల కొండచరియలను ఉపగ్రహ చిత్రాలతో గుర్తించి, 147 జిల్లాలకు ర్యాంకులిచ్చింది. మొదటి రెండు స్థానాలూ ఉత్తరాఖండ్‌లోని రుద్రప్రయాగ్, టెహ్రీ గఢ్వాల్ జిల్లాలవి. వయనాడ్ 13వది. జాబితా పై వరసల్లో తెలుగు జిల్లాలు కనిపించవు. దాంతో ఇది మన సమస్య కాదనుకుంటే పొరపాటే.

2024 ఆగస్టు 31న విజయవాడ మొగల్రాజపురం సున్నపుబట్టీల సెంటర్ దగ్గర కొండ విరిగి ఇళ్ల మీద పడింది. పలువురు చనిపోయారు. మర్నాడే బుడమేరు వరద నగరాన్ని ముంచడంతో ఈ ప్రమాదం వార్తల్లో అడుగున పడిపోయింది. ఇంద్రకీలాద్రి మీద 2020 అక్టోబరులో, దసరా ఉత్సవాల వేళే బండరాళ్లు దొర్లాయి. 2021 నవంబరు వానల తర్వాత, డిసెంబరు 1న తిరుమల రెండో ఘాట్ రోడ్డుపై పెద్ద బండలు పడి రోడ్డు దెబ్బతింది, రాకపోకలు ఆగిపోయాయి. అరకు వైపు వెళ్లే కొత్తవలస–కిరండూల్ రైలు మార్గంలో రాళ్లు పడి రైళ్లు ఆగడం దాదాపు ఏటా వానాకాలంలో వినే వార్తే.

మన తూర్పు కనుమల్లో హిమాలయాల స్థాయి కొండచరియలు ఉండవు. అక్కడి పర్వతాలు వయసులో చిన్నవి, ఇంకా పైకి లేస్తున్నాయి, భూకంపాలు ఎక్కువ. ఇక్కడివి పాత కొండలు. కాకపోతే ఖొండలైట్ లాంటి రాయి లక్షల ఏళ్ల ఎండావానలకు పైపైన మెత్తబడి ఎర్రమట్టిగా మారి ఉంటుంది. దాన్ని కదపకుండా వదిలేస్తే తరాలకు తరాలు అలాగే నిలబడుతుంది. కింద తవ్వితేనే చిక్కు.

విజయవాడ, విశాఖ కొండల అంచు పేటల్లో ఆ తవ్వకం ఎలా ఉంటుందో చూడటం కష్టం కాదు. మెట్ల దారి పక్కన ఒక్కో ఇంటికీ చదును కోసం కొండను నిలువునా కోస్తారు. ఆ కోతకు ఆనించి బాత్రూమ్ గోడ లేపుతారు, లేదా గోడే లేకుండా వంటిల్లు కట్టేస్తారు. పై ఇంటి వాడుక నీళ్లు, సెప్టిక్ ట్యాంకు ఊట కింది ఇంటి వెనక కోతలోకే దిగుతాయి. అంటే ఎండాకాలంలో కూడా ఆ మట్టి తడిగానే ఉంటుంది. కొన్నిచోట్ల మట్టి జారకుండా ఆపడానికి కార్పొరేషన్ కట్టిన గోడ (రిటైనింగ్ వాల్) ఉంటుంది. దానిలో నీళ్లు బయటికి పోవడానికి పెట్టిన పైపులు చెత్తతోనో సిమెంటుతోనో పూడుకుపోయి ఉంటాయి. వానాకాలంలో ఆ పైపుల్లోంచి నీళ్లు కారుతుంటే చిరాకు పడాల్సిన పని లేదు, గోడ తన పని చేస్తున్నట్టే. పెద్ద వానలో కూడా చుక్క రాకపోతే భయపడాలి. నీరంతా గోడ వెనక నిలిచి ఉందన్నమాట.

ఇక్కడ పేదవాళ్లను తప్పుపట్టడం తేలిక. పట్టణంలో పని, చవకగా దొరికే స్థలం కొండ మీదే. ప్రమాదకరమైన ఇళ్లకు వానాకాలం ముందు నోటీసులిచ్చి చేతులు దులుపుకోవడం కంటే, గోడలకు పైపులు శుభ్రం చేయించడం, కొండ పైభాగం నుంచి వాన నీరు ఇళ్ల వెనక దిగకుండా పక్కకు మళ్లించే కాలువలు తీయడం ఎక్కువ ప్రాణాలు కాపాడుతుంది. ఖర్చూ తక్కువే. పైనుంచి వచ్చే నీటికి దారి చూపడమే ఈ మొత్తం వ్యవహారంలో అసలు ఇంజినీరింగ్.

కొండ ముందే ఇచ్చే గుర్తులు

పెద్ద కొండచరియలు చాలావరకు చెప్పాపెట్టకుండా రావు. వాలు మీద, ముఖ్యంగా పైభాగంలో, అడ్డంగా పగులు తెరుచుకుంటుంది. కరెంటు స్తంభాలు, చెట్లు, కంచె ఒక పక్కకు ఒరుగుతాయి. ఇంట్లో నిన్నటిదాకా మామూలుగా పడిన తలుపు ఇవాళ బిగుసుకుంటుంది. వానకు చెక్క ఉబ్బడం వల్లా అలా జరుగుతుంది కాబట్టి ఆ ఒక్కటే చూసి కంగారు పడక్కర్లేదు. గడప దగ్గర కొత్త పగులూ, బిగిసిన తలుపూ రెండూ కలిసి కనిపిస్తే మాత్రం అనుమానించాలి. ఎప్పుడూ లేని చోట ఊట పుడుతుంది. లేదా తేటగా ఉండే ఊట బురదరంగుకు మారుతుంది.

గోడలోనో నేలలోనో పగులు కనిపిస్తే అది పాతదా పెరుగుతోందా అన్నది ఇంట్లో వాదనగా మిగిలిపోతుంది. పగులు రెండు కొసల దగ్గరా పెన్సిల్‌తో గీత పెట్టి పక్కన తేదీ రాస్తే ఆ వాదన తెగిపోతుంది. నేల పగులుకైతే అటో మేకు, ఇటో మేకు దిగ్గొట్టి వాటి మధ్య దూరం కొలవాలి. వారం రోజుల్లో దూరం పెరిగిందంటే సచివాలయంలోనో తహసీల్దారు ఆఫీసులోనో చెప్పడానికి చేతిలో ఆధారం ఉంటుంది. పగులులోకి నీళ్లు దిగకుండా బంకమట్టితో పూడ్చి పైన పట్టా కప్పితే కొంత ఊరట. అది తాత్కాలికమే.

అన్నిటికంటే భయపడాల్సిన గుర్తు వాగులో కనిపిస్తుంది. వాన కురుస్తూనే ఉన్నా వాగు ఒక్కసారిగా తగ్గిపోతే, వరద తీసిందని చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. పైన ఎక్కడో కొండ విరిగి వాగుకు అడ్డం పడి ఉండొచ్చు. ఆ అడ్డుకట్ట తెగినప్పుడు వచ్చేది నీళ్లు కావు, బండలూ మానులూ కలిసిన బురద. లారీలోంచి పోసే తడి కాంక్రీటులా చిక్కగా, దారిలో ఉన్నదాన్నల్లా ఎత్తుకుంటూ వస్తుంది. వాగు నుంచి రాళ్లు ఒకదానికొకటి కొట్టుకుంటున్న చప్పుడు, చెట్లు విరుగుతున్న శబ్దం, నేలలో సన్నని అదురు తెలిస్తే ఇక ఏమీ సర్దుకోకూడదు. పరిగెత్తడమే.

సాయంత్రం తీసుకోవాల్సిన నిర్ణయం

వయనాడ్, మహారాష్ట్రలోని ఇర్షాల్‌వాడి, కేరళలోని పెట్టిముడి. ఈ మూడు చోట్లా కొండ విరిగింది రాత్రిపూటే. అందుకే వెళ్లాలా ఉండాలా అన్నది వెలుతురు ఉండగానే తేల్చుకోవాలి. పొద్దుపోయాక నిద్రపోతున్న పెద్దవాళ్లను లేపి, తడి మెట్ల మీద, టార్చి వెలుగులో దింపడం ఎవరికీ మనసొప్పదు. తెల్లారాక చూద్దాంలే అనిపిస్తుంది. ఒక రాత్రికి బంధువుల ఇంట్లోనో ఊరి బడిలోనో పడుకుంటే పోయేదేముంది? మర్నాడు ఏమీ కాకపోతే పక్కింటివాళ్లు నవ్వుతారు, అంతే. ఈ మాట కరపత్రాల్లో ఉండదు గానీ చాలామందిని ఆపేది ఈ మొహమాటమే. ముసలివాళ్లు ఇల్లు వదిలి రాం అని మొండికేస్తే, పసిపిల్లలను ముందు పంపించేస్తే వాళ్లే వెంట వస్తారని కొండ ఊళ్లలో పనిచేసినవాళ్లకు తెలుసు.

ఎక్కడికి వెళ్తున్నామన్నది అంతే ముఖ్యం. వాగు పక్కనున్న బడి, కొండ కోత కింద ఉన్న కల్యాణ మండపం పునరావాసానికి పనికిరావు. వెళ్లే దారి వాగును దాటేదైతే ఇంకా ముందే బయల్దేరాలి. పశువులను కట్టు విప్పి వదలాలి. ఆధార్, పట్టా కాగితాలు, బ్యాంకు పుస్తకం ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోవడంతో పాటు వాటి ఫోటోలు వేరే ఊళ్లో ఉన్న ఒకరికి వాట్సాప్‌లో పంపి ఉంచడం మేలు.

భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ 2024 జులైలో కోల్‌కతాలో జాతీయ కొండచరియల అంచనా కేంద్రాన్ని ప్రారంభించింది. భూస్ఖలన్ అనే యాప్ కూడా తెచ్చింది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వారి సచేత్ యాప్‌లో వర్ష హెచ్చరికలు వస్తాయి. ఫోనులో ఉంచుకోవాల్సినవే. కాకపోతే అంచనా బులెటిన్లు ఇంకా అన్ని జిల్లాలకూ రావడం లేదు, కాబట్టి యాప్ మోగలేదు కదా అని ధీమాగా ఉండటానికి లేదు.

విరిగే క్షణంలో

ఇక్కడ చెప్పగలిగింది తక్కువే. బురద వచ్చే దారిలోనే కిందికి పరిగెత్తితే దాని వేగాన్ని మించలేం. అడ్డంగా, పక్కకు, ఎత్తైన చోటికి వెళ్లాలి. వంతెన దాటబోయే ముందు వాగు పైవైపు చూడాలి. బయటికి వెళ్లే వ్యవధి లేకపోతే మేడ ఎక్కాలి. వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, పై అంతస్తులోకి వెళ్లడం లాంటి చిన్న పనులు బతికే అవకాశాన్ని 12 రెట్ల వరకు పెంచుతాయి. పల్లం వైపు తలుపులు, కిటికీలు తెరిచి ఉంచితే లోపలికి వచ్చిన మట్టి బయటికి పోతుందని, చిక్కుకున్నవాళ్లు కదులుతూ చప్పుడు చేస్తూ ఉంటే రక్షించేవాళ్లకు ఆనవాలు దొరుకుతుందని కూడా అందులో తేలింది. కొండ పక్కన ఉన్నవాళ్లు వానరాత్రి ఇంట్లోనే ఉండక తప్పకపోతే కొండకు ఆనుకున్న గదిలో పడుకోకూడదు. ఎదుటి వైపు గది, వీలైతే పై అంతస్తు. అప్పుడు మేడ ఎక్కే పనీ తప్పుతుంది. ఇక ఏ దారీ లేకపోతే ముడుచుకుని చేతులతో తల కాపాడుకోవడమొక్కటే.

దారిలో ఉన్నవాళ్లు

2024 జులై 16న కర్ణాటకలోని శిరూరు దగ్గర 66వ నంబరు జాతీయ రహదారి పక్కన కొండ విరిగింది. రోడ్డు వెడల్పు కోసం కోసిన కొండ అది. దాని కింద ఓ టీ హోటలు, ఆగి ఉన్న లారీలు. మట్టి రోడ్డును దాటి గంగావళి నదిలో పడింది. ఆ దెబ్బకు లేచిన నీరు అవతలి ఒడ్డున ఉన్న ఉళువరె గ్రామం మీదికి వెళ్లింది. కొండకు దూరంగా, నది అవతల ఉన్నవాళ్లు కూడా నష్టపోయారు.

ఘాట్ రోడ్డులో వాన పడుతున్నప్పుడు టీ తాగడానికో సెల్ఫీకో ఆగేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఆగాలంటే కోసిన కొండకు, లోయ అంచుకు దూరంగా ఉన్న విశాలమైన చోటు చూసుకోవాలి. ముందు చిన్న రాళ్లు, మట్టి జారుతున్నాయంటే హారన్ కొట్టుకుంటూ దూసుకెళ్లకుండా వెనక్కి తీసుకోవడమే మంచిది. తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో వెళ్లే చార్‌ధామ్, వైష్ణోదేవి యాత్రలకూ ఇది వర్తిస్తుంది. 2025 ఆగస్టు 26న వైష్ణోదేవి దారిలో అర్ధకువారి దగ్గర కొండచరియ పడి 30 మందికి పైగా యాత్రికులు చనిపోయారు. ట్రావెల్స్ వాళ్ల టూర్ షెడ్యూలులో జులై, ఆగస్టు నెలల్లో ఒకటి రెండు ఖాళీ రోజులు లేవంటే, ఆ షెడ్యూలు వానను లెక్కలోకి తీసుకోలేదని అర్థం. డ్రైవరు మీద టెన్షన్ పెట్టి రాత్రి ప్రయాణం చేయించకూడదు.

విరిగాక

మొదటి చప్పుడు ఆగగానే పరుగున అక్కడికి వెళ్లడం మనిషి స్వభావం. లోపల మనవాళ్లు ఉండొచ్చు. చూరల్‌మలలో రెండోసారి వచ్చిన ప్రవాహం మొదటిదానికంటే దిగువకు వచ్చింది. విరిగిన కొండకు పైన ఇంకా ఆధారం లేని మట్టి వేలాడుతూ ఉంటుంది కాబట్టి రెండో దెబ్బ సహజమే. సాయానికి వెళ్లేవాళ్లు ఒకరిని ఎదురుగా ఎత్తైన చోట నిలబెట్టి కొండ మీద కన్నేసి ఉంచమనాలి. అరుపో ఈలో ఏదో ఒక సంకేతం ముందే అనుకోవాలి. జేసీబీని తెప్పించి ఆదరాబాదరాగా కింది మట్టి తీస్తే పైది జారుతుంది. ఎన్డీఆర్ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) బృందం వచ్చేదాకా, బయటికి కనిపిస్తున్నవాళ్లను చేతులతో, పారలతో తీయడమే సబబు.

బయటి ప్రపంచానికి కబురు చేరడం ఇంకో పెద్ద సమస్య. 2014 జులై 30న పుణె జిల్లాలోని మాలిన్ గ్రామం మట్టి కింద పడిపోతే, ఆ దారిన వచ్చిన ఆర్టీసీ బస్సు డ్రైవరు ఊరు కనిపించకపోవడం చూసి సమాచారం ఇచ్చారు. అక్కడ 151 మంది చనిపోయారు. 2020 ఆగస్టు 6 రాత్రి పెట్టిముడి తేయాకు తోటలో 70 మంది చనిపోయిన సంగతి, ఫోన్లు పనిచేయక, తెల్లారేదాకా బయటికి తెలియలేదు. ఫోను కలిస్తే 112కు, కలెక్టరేట్ కంట్రోల్ రూమ్ 1077కు చెప్పాలి. ఎంతమంది ఉండాల్సిన ఇంట్లో ఎంతమంది కనిపించడం లేదో లెక్క చెప్పగలిగితే వచ్చే బృందాల పని సగం తేలికవుతుంది. అందుకు వానాకాలంలో ఎవరింట్లో ఎవరున్నారు, చుట్టాలెవరైనా వచ్చారా అన్న సంగతి వీధిలో ఒకరికైనా తెలిసి ఉండాలి.

ఇంటికి తిరిగి వెళ్లడం అధికారులు చూసి చెప్పాకే. మెయిన్ స్విచ్ ఆపాలి, గ్యాస్ వాసన వస్తే లోపలికి అడుగు పెట్టకూడదు, బావి నీళ్లు కాచి తాగాలి. ఇవి అందరికీ తెలిసినవే. తెలియనిది కాగితాల పని. విపత్తు సహాయ నిధి నిబంధనల కింద కొండచరియలు కూడా ఉన్నాయి. మృతుల కుటుంబాలకు 4 లక్షల రూపాయలు, దెబ్బతిన్న ఇంటికి విడిగా సాయం వస్తాయి. శుభ్రం చేసే ముందే ఇంటి ఫోటోలు తీసుకుని ఉంచుకోవాలి. సొంతిల్లు ఉన్నవాళ్లకు బీమా కంపెనీలు అమ్మే భారత్ గృహ రక్ష పాలసీలో కొండచరియలు, నేల కుంగడం కూడా వస్తాయి. దాని ప్రీమియం ఎంతో కనుక్కున్నవాళ్లు కొండ వాలు కాలనీల్లో చాలా తక్కువ.

మళ్లీ అక్కడే ఇల్లు కట్టుకోవాలా అన్నది అన్నిటికంటే కష్టమైన ప్రశ్న. వయనాడ్ బాధితుల కోసం కేరళ ప్రభుత్వం కల్పెట్టలోని ఎల్‌స్టన్ ఎస్టేట్‌లో టౌన్‌షిప్ చేపట్టింది. శంకుస్థాపన 2025 మార్చిలో జరిగింది. విజయవాడలో కొండ దిగి రమ్మంటే, దిగి ఎక్కడికి వెళ్లాలని జనం అడుగుతారు. ఊరికి ఇరవై కిలోమీటర్ల అవతల ఇచ్చిన సెంటు స్థలం నుంచి రోజూ పనికి బస్సు చార్జీలు ఎవరిస్తారన్నది వాళ్ల ప్రశ్న. దానికి జవాబు ఇవ్వకుండా ఎన్ని నోటీసులిచ్చినా ఆ మెట్ల మీద ఇళ్లు ఖాళీ కావు.